బిల్లు కౌంటర్ దగ్గర ఫోన్ నంబర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: క్లాక్ టవర్ దగ్గర ఒక షోరూంలో రూ. 1,840 పెట్టి బట్టలు తీసుకున్నాను. ఫోన్ నంబర్ ఇవ్వనంటే, "నంబర్ కొట్టకపోతే కంప్యూటర్ బిల్లు తియ్యదు మేడమ్" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. వెనక లైన్ పెరుగుతుంటే చెప్పేశాను. చట్టం ప్రకారం ఇవ్వాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అక్కర్లేదు. బిల్లులో ఏమేం ఉండాలో జీఎస్టీ నిబంధనల్లో 46వ నిబంధన చెబుతుంది. మీలాగా సొంత వాడకానికి కొనేవాళ్ల బిల్లు రూ. 50,000 కంటే తక్కువైతే, మీరు అడిగితే తప్ప మీ పేరు కూడా రాయనక్కర్లేదు. ఆ మొత్తానికి చేరినా కావలసింది పేరు, చిరునామా. ఫోన్ నంబర్ ఊసే లేదు. నంబర్ గడి ఖాళీగా ఉంటే బిల్లు ముందుకు పోకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించుకున్నది ఆ సంస్థే. కౌంటర్‌లో అబ్బాయితో గొడవపడి లాభం లేదు, ఆ గడి దాటించడం చాలాసార్లు మేనేజర్ లాగిన్‌తోనే అవుతుంది. అందుకే మేనేజర్‌ను పిలిపించండి.

ఈ మాట సామాను స్కాన్ చేయక ముందే చెప్పాలి. "నంబర్ ఇవ్వను, కాగితం బిల్లు కావాలి" అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. పైసలు కట్టేశాక మొదలుపెడితే మీ చేతిలో ఏమీ ఉండదు. కొనేవాళ్లను నంబర్ కోసం ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే రిటైల్ రంగానికి సూచన పంపింది. అది సూచనే కాబట్టి షాపులకు జరిమానా భయం లేదు. మేనేజర్ దగ్గర ఆ సంగతి ఎత్తితే మాత్రం పని జరుగుతుంది.

నంబర్ కన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఓటీపీ దగ్గర. బిల్లు తీయడానికి ఓటీపీతో పని లేదు. "ఫోన్‌కు ఒక నంబర్ వచ్చింది, చెప్పండి" అంటే చాలాసార్లు మిమ్మల్ని మెంబర్‌షిప్‌లో చేరుస్తున్నారని అర్థం. మెసేజ్ తెరిచి రెండు వరుసలు చదవండి. లాయల్టీ, రివార్డ్స్, ఆఫర్లు అన్న మాటలు కనిపిస్తే చెప్పొద్దు. చెప్పారంటే ప్రచార మెసేజ్‌లకు ఒప్పుకున్నట్టు వాళ్ల దగ్గర రికార్డు పడుతుంది.

తోచిన పది అంకెలు చెప్పి తప్పించుకుందామంటే, ఆ నంబర్ ఇంకెవరిదో అయి ఉంటుంది. మీ బిల్లు వాళ్లకు పోతుంది, రేపు మార్పిడికి వెళ్తే మీరు కొన్నట్టు రికార్డు దొరకదు. నంబర్ ఇవ్వదలచుకుంటే, లైన్‌లో అందరూ వినేలా చెప్పకుండా ఫోన్ తెర మీద చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ షాపులో పిన్‌కోడ్ అడిగినందుకే కోర్టుకు లాగారట. నిజమా? మన దగ్గర అట్లా వేయొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నిజమే. క్రెడిట్ కార్డుతో కొనేటప్పుడు చిరునామా, ఫోన్ లాంటి వ్యక్తిగత వివరాలు ఇస్తేనే కార్డు తీసుకుంటామని అడిగి రాసుకోకూడదని కాలిఫోర్నియాలో చట్టం ఉంది. దాని పేరు సాంగ్-బెవర్లీ చట్టం, 1971 నాటిది. విలియమ్స్-సొనోమా అనే వంటింటి సామాన్ల దుకాణంలో ఒకామెను పిన్‌కోడ్ అడిగారు. కొనుగోలుకు అది అవసరమేమో అనుకుని చెప్పింది. కార్డు మీది పేరును, ఆ పిన్‌కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌లో కలిపి తన ఇంటి చిరునామా పట్టుకున్నారన్నది ఆమె ఫిర్యాదు. పిన్‌కోడ్ కూడా ఆ చట్టం కాపాడే వివరమేనని 2011 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మొదటి ఉల్లంఘనకు 250 డాలర్ల దాకా, ఆ తర్వాత ఒక్కోదానికి 1,000 డాలర్ల దాకా జరిమానా. కొన్నవాళ్లందరి తరఫున ఒకే దావా వేసే పద్ధతి అక్కడ ఉంది కాబట్టి కంపెనీలకు వణుకు పుట్టింది. 2013లో మసాచుసెట్స్ కోర్టు కూడా పిన్‌కోడ్ విషయంలో అదే దారిన నడిచింది.

అయితే కాలిఫోర్నియాలోనూ ఆ చట్టం అన్ని చోట్లా చెల్లదు. సరుకు ఇంటికి పంపాలంటే చిరునామా అడగొచ్చు. నగదు కొనుగోలుకు ఆ చట్టం వర్తించదు. నెట్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకునే సరుకులకు వర్తించదని 2013లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టే చెప్పింది.

మన దగ్గర అడిగినందుకే ఇంత అని జరిమానా రాసిపెట్టిన చట్టం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా రూ. 250 కోట్ల దాకా ఉంది. కానీ అది ప్రభుత్వ ఖజానాకు పోతుంది, మీ చేతికి రూపాయి రాదు. పైగా దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దుకాణాలకు తగిలే ముఖ్య సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. అప్పటినుంచి సమ్మతి అడిగే నోటీసును తెలుగులో ఇమ్మని మీరు కోరవచ్చు. ఈలోగా మీకు పరిహారం వచ్చే తోవ వినియోగదారుల కమిషనే.

ప్రశ్న: కమిషన్‌లో ఫిర్యాదు ఎట్లా వేయాలి? వకీలు కావాలా? మాది సూర్యాపేట, షాపు హైదరాబాద్‌లో ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: వకీలు తప్పనిసరి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేయొచ్చు, షాపున్న ఊరికి తిరగనక్కర్లేదు. మీకు నల్లగొండ జిల్లా కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కొన్న సరుకుకు కట్టింది రూ. 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. గడువు రెండేళ్లు.

కేసు దేనిమీద నిలబడుతుందో ముందు చూసుకోవాలి. "నంబర్ అడిగారు" అన్న ఒక్క మాట బలహీనం. "నంబర్ ఇవ్వలేదని బిల్లు ఇవ్వలేదు" అన్నది గట్టిది, ఎందుకంటే బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని విధంగా ఇంకొకరికి ఇవ్వడం కూడా ఆ జాబితాలోనే ఉంది. సమాచారం ఇంకొకరికి ఇచ్చారనడానికి రుజువు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మీ నంబర్ పది చోట్ల ఉంటే ఏ షాపు అమ్ముకుందో ఎట్లా చెబుతారు? ఈమెయిల్ అయితే ఒక ఉపాయం ఉంది. జీమెయిల్ చిరునామాలో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు కలిపి ఇవ్వండి. ఉత్తరాలు మీకే వస్తాయి. ఆ చిరునామాకు వేరే కంపెనీ ప్రకటన వచ్చిందంటే ఎక్కడ లీకైందో తేలిపోతుంది.

అదే రోజు చేయాల్సినవి: యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ దాచుకోండి. జరిగింది రాసి షాపు ఈమెయిల్‌కు పంపండి, నా వివరాలు తొలగించి జవాబివ్వండని అడగండి. ఆ మెయిలే తర్వాత మీ సాక్ష్యం. ఆ పైన 1915కు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. పెద్ద సంస్థలైతే చాలావరకు ఇక్కడే దిగొస్తాయి. రాకపోతే కమిషన్. నోటీసు అందాక షాపువాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు. అది దాటితే వాళ్ల జవాబు తీసుకోరు.

ప్రశ్న: మెడికల్ షాపులో నంబర్ ఇచ్చినప్పటినుంచి షుగర్ మాత్రలు అయిపోయాయా అని మెసేజ్‌లు. డీఎన్‌డీ (ప్రచార మెసేజ్‌లు వద్దని ఫోన్ కంపెనీ దగ్గర నమోదు) పెట్టినా ఆగడం లేదు.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: డాక్టరు చీటీ మీద అమ్మే మందులకు పేషెంటు పేరు, డాక్టరు పేరు రాసుకోవడం నిబంధనే. హెచ్1 జాబితా (అమ్మకం మీద ఎక్కువ నిఘా ఉండే మందుల జాబితా) మందులైతే వేరే రిజిస్టరు పెట్టి మూడేళ్లు దాచాలి. అవి చెప్పండి. ఫోన్ నంబర్ అందులో భాగం కాదు. మీరు సమ్మతి ఇచ్చినట్టు రికార్డున్న సంస్థను డీఎన్‌డీ ఆపదు, అందుకే ఆగడం లేదు. సమ్మతి వెనక్కి తీసుకుంటున్నానని షాపుకు రాతలో చెప్పండి. ఆ తర్వాత కూడా వస్తే, మెసేజ్ వచ్చిన ఏడు రోజుల్లోగా ప్రచార మెసేజ్‌ల ఫిర్యాదు నంబర్ 1909కు ఫిర్యాదు చేయండి. మెసేజ్ చెరిపేయకండి, పంపినవారి పేరు, తేదీ అడుగుతారు.

ప్రశ్న: ఎరువుల దుకాణంలో ఆధార్, వేలిముద్ర అడుగుతున్నారు. ఇదీ కాదనొచ్చా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: ఇది వేరే సంగతి. సబ్సిడీ ఎరువును పీఓఎస్ యంత్రంలో (దుకాణంలో అమ్మకాలు నమోదు చేసే యంత్రం) కొన్నవారిని గుర్తించాకే అమ్మాలి. అది ప్రభుత్వ పద్ధతి, దుకాణదారు సొంతంగా పెట్టింది కాదు. జిరాక్స్ అడిగితే మాత్రం దాని మీద అడ్డంగా "యూరియా కొనుగోలుకు మాత్రమే" అని, తేదీ వేసి, గీతలు ఆధార్ నంబర్‌కు కొంచెం తగిలేలా సంతకం పెట్టి ఇవ్వండి. పక్కనున్న ఖాళీ జాగాలో రాస్తే దాన్ని మడిచి మళ్లీ జిరాక్స్ తీయొచ్చు.