పేపర్ కర్ర కొనకు, చేయించు

అమ్మా సరళా,

పాత పంచాయతీ గదికి సున్నం కొట్టించి రీడింగ్ రూమ్ తెరిచారని, రోజూ నాలుగు పేపర్లు వేయించుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు ఫోన్లో అడిగిన సంగతి రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను. మధ్యాహ్నానికల్లా పేపర్లు చిందరవందర అయిపోతున్నాయి, లైబ్రరీల్లో కర్రలకి బిగించి వేలాడదీస్తారు కదా, అవి ఎక్కడ కొనాలి అన్నావు. దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కూడా. కానీ కొనకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖా గ్రంథాలయానికి ఇనుప కర్రలు అరడజను వచ్చాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, మొదటి వానాకాలానికే తుప్పు పట్టి ప్రతి పేపర్ మడత మీదా ఎర్రటి చార. పైగా బరువు. 16 పేజీల పేపర్ మొత్తం తూచినా 65 గ్రాములో ఎంతో ఉంటుంది, దాన్ని పట్టుకోడానికి కిలో ఇనుమెందుకు చెప్పు? పెద్దాయన ఒకరు ఎడిటోరియల్ సగం చదివేసరికి చెయ్యి నొప్పెట్టి పక్కన పడేసేవారు.

ఆ తర్వాత సైకిల్ ట్యూబు అడ్డంగా కోసి రబ్బరు ఉంగరాలు చేసి, రెండు వెదురు బద్దల మధ్య పేపర్ పెట్టి బిగించాను. చలికాలం బాగానే నడిచింది. మే నెలలో రబ్బరు జిగురులా సాగి ఒకరోజు పేపరంతా నేల మీద. దబ్బనంతో పురికొస కుట్టే పద్ధతీ చూశాను, అది అన్నిటికంటే పాడు, రెండో మనిషి పేజీ తిప్పగానే కన్నాల దగ్గర చిరుగుతుంది. స్టాప్లర్ పిన్ను సంగతి చెప్పక్కర్లేదు.

చివరికి పని చేసింది మా వడ్రంగి చేసిన కర్ర. ఒక్క పూట పని. టేకు ముక్కలుంటే సరే, లేకపోతే ఏ గట్టి కర్రైనా పర్లేదు, వంకర తిరగకుండా ఉంటే చాలు. రెండు బద్దలు, ఒక్కోటి 32 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం. మన తెలుగు పేపర్లకి నిలువు మడత ఇంచుమించు 55 సెంటీమీటర్లు, అంటే 22 అంగుళాలకి కాస్త తక్కువ, కాబట్టి పేపర్ పోను పిడికి 6 అంగుళాలు, కొసన కొద్దిగా మిగులుతాయి. పిడి వైపు రెండు బద్దల్నీ కలిపి రెండు స్క్రూలు శాశ్వతంగా బిగించెయ్యాలి. రెండో కొస తెరిచే ఉంటుంది, దానికి రోకలికి వేసే పొన్నులాంటి ఇత్తడి ఉంగరం. కొసని కొంచెం సన్నం చేయిస్తే ఉంగరం లోపలికి జరిగేకొద్దీ దానంతటదే బిగుసుకుంటుంది. నట్లూ బోల్టులూ వద్దు, ఆ నట్టు రెండో రోజుకే ఎవరి జేబులోనో ఉంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. దీన్ని పట్టించుకోకుండా చేయిస్తే కర్ర కర్రలా ఉంటుంది కానీ పట్టుండదు. బద్దలు రెండూ చదునుగా ఉంటే రెండు చివర్లూ బిగుసుకుంటాయి, నడుమ మాత్రం వదులుగా ఉండి మధ్య పేజీలు జారిపోతాయి, మా మొదటి కర్రకి జరిగింది ఇదే. అందుకని ఒక బద్ద లోపలి వైపు, నడుమ అలాగే వదిలేసి, రెండు చివర్లకి పోయేకొద్దీ చిత్రిక పట్టి రెండు మిల్లీమీటర్లు దించమను. కంటికి తెలీదు, వేలితో రాస్తే నడుమ కొంచెం ఉబ్బుగా తగులుతుంది. అప్పుడు ఉంగరం తీసినప్పుడు కొస పట్టకారులా తనే విచ్చుకుంటుంది, ఉంగరం తొడగ్గానే నడుమ ముందు నొక్కుకుంటుంది. పరీక్ష చెప్తాను: చిన్న కాగితం ముక్క సరిగ్గా నడుమ పెట్టి ఉంగరం తొడిగి లాగు. జారి వచ్చేస్తే చిత్రిక చాలలేదన్నమాట. చిరిగి చేతికొస్తే ఆ కర్ర పదేళ్లు నీదే.

ఇంకోటి. మడత పక్కన అక్షరాల్లేని ఖాళీ వేలు వెడల్పు కూడా ఉండదు. పేపర్‌ని మరీ లోపలికి తోసి బిగిస్తే లోపలి కాలమ్‌లో అక్షరాలన్నీ కర్ర కింద. జనం అవి చదవడానికి పేజీని గుంజుతారు, అక్కడే చిరుగు మొదలు. అందుకని బద్ద అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల, అటొకటి ఇటొకటి చిన్న శీలలు కొట్టించి, ఎదుటి బద్దలో వాటికి కన్నాలు పెట్టించు. మడత ఆ శీలలకి తగిలి ఆగిపోతుంది, కొలత చూసుకోనక్కర్లేదు, పొద్దున్నే నిద్రమొహంతో బిగించేవాళ్లకి కూడా తప్పు పోదు. ఒక్క జాగ్రత్త, జిల్లా ఎడిషన్ విడిగా చిన్న సైజులో వస్తే దాన్ని ఈ కర్రకి ఎక్కించకు. మడత పొట్టి, సైజు సగం, పెద్ద పేజీల మధ్య మడతలు పడి నలిగిపోతుంది. దానికి బల్ల మీద క్లిప్పు అట్ట చాలు.

వేలాడదీయడం గురించి. పిడికి కొక్కెం పెట్టి గోడ మేకుకి నిలువుగా తగిలిస్తే చోటు కలిసొస్తుంది, నిజమే, కానీ పేజీల చెవులు కిందికి వాలిపోతాయి, వానాకాలం గాలిలో తేమకి మరీనూ. అడ్డంగా పెట్టు, దండెం మీద తుండు ఆరేసినట్టు. ఏటవాలుగా రెండు కర్రలు నిలబెట్టి నాలుగేసి అంగుళాలకి ఒక గాడి కోయిస్తే, పేపర్ కర్ర రెండు చివర్లూ గాళ్లలో ఆనుకుంటాయి, ఒకదాని కింద ఒకటి మెట్లలా కనిపిస్తాయి. పై గాడి నాలుగడుగులు దాటొద్దు, మీ దగ్గరికొచ్చేది ఎక్కువ ముసలివాళ్లేగా. ఫ్యాన్ కింద పెట్టకు, ఎండ పడే కిటికీ పక్కనా వద్దు, ఆ కాగితం రెండు మూడు రోజులకే పచ్చబడి పెళుసవుతుంది. పిడి మీద పేపర్ పేరు రంగుతో రాయించు, అడ్డంగా వేలాడితే పేరు పక్కకి తిరిగిపోయి కనబడదు.

మావాడు ఆమధ్య వియన్నా వెళ్లి అక్కడి కాఫీ హోటల్లోంచి ఫొటో పంపాడు, కాఫీ, పక్కన గ్లాసుడు మంచినీళ్లు, చేతిలో పిడి ఉన్న చెక్క పట్టీకి బిగించిన పేపరు. మన కర్రే! అక్కడ ఒక్కో మనిషి ఒక్కో పేపర్ పట్టుకుని కూర్చుంటాడు. మన దగ్గర అలా కాదు, ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. పొద్దున ఒకే పేపర్‌ని అయిదుగురు పంచుకుంటారు, ఒకరికి క్రీడలు, ఒకరికి సినిమా, ఒకరికి మార్కెట్ ధరలు. నేను రూల్ ప్రకారం ఆరింటికే కర్రలకి ఎక్కించేస్తే, ఒకడు చదువుతుంటే నలుగురు వాడి భుజం మీంచి తొంగి చూడటం, గొణగడం, ఒకసారి చెయ్యి చేసుకునేదాకా వెళ్లింది. అప్పట్నుంచి తొమ్మిదింటి దాకా విడిగానే వదిలేసేవాణ్ణి. తొమ్మిది దాటాక పేజీలు వరసగా సర్దుకుని, మడత చేత్తో రాసి, కర్రకి బిగించేవాణ్ణి. అప్పుడొచ్చేవాళ్లు వేరు, ఉద్యోగ ప్రకటనల కోసం వచ్చే పిల్లలు, సాయంత్రం పొలం నుంచి వచ్చే మనుషులు. వాళ్లకి పేపర్ మొత్తం ఉండాలి. ప్రకటన బ్లేడుతో కోసుకుపోయేవాణ్ణి ఏ కర్రా ఆపలేదు. వాళ్ల కోసం ఒక నోటు పుస్తకం, పెన్ను దారంతో కట్టి పెట్టు, ఫోన్లో ఫొటో తీసుకోమను.

రాత్రి కర్ర నుంచి తీసి, తేదీ వరసలో బల్లపరుపుగా పేర్చు, చుట్టకు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఇప్పటికీ పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక చూడ్డానికి మనుషులు వెతుక్కుంటూ వెళ్తారు. మీరు అంత దాచక్కర్లేదు, మూడు నెలలవి ఉంచి మిగతావి అమ్మేసినా ఇంకో పేపర్ చందాకి సాయమవుతుంది.

నా దగ్గర పాత కర్ర ఒకటి మిగిలింది. దసరాకి మీ నాన్న వస్తానన్నాడు, ఇచ్చి పంపిస్తాను. పొన్ను కాస్త వదులైంది, వడ్రంగికి ఆ మాట ముందే చెప్పు, లేకపోతే దాన్నీ అలాగే చేసిపెడతాడు. కొలతలు తీసుకున్నాక కర్ర మాత్రం నాకు తిరిగి పంపించెయ్యి.

మీ మామయ్య