క్రియకు ముందున్న చోటు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నువ్వు పంపిన అనువాదం మొత్తం చదివాను. మాటల ఎంపిక బాగుంది. అయినా రెండు పేజీలు దాటేసరికి చదవడం బరువవుతోంది. కారణం మాటలు కూర్చిన వరస. ఇంగ్లీషు వాక్యం నడిచిన తోవనే ఉంచేసి, క్రియను మాత్రం తీసుకెళ్ళి చివర పెట్టావు. తెలుగు వాక్యానికి అదొక్కటీ చాలదు. అందుకే ఈ ఉత్తరం అంతా వరస గురించే రాస్తున్నాను.

"తెలుగులో మాటల్ని ఎటు తిప్పినా అర్థం ఒకటే" అని బడిలో విని ఉంటావు. అందులో సగమే నిజం. "రాముడు రావణుణ్ణి చంపాడు", "రావణుణ్ణి రాముడు చంపాడు" - ఎవరు చంపారన్నది రెండింటిలోనూ ఒకటే. ఆ సంగతి విభక్తి చెప్పేస్తుంది. ఇంగ్లీషులో నామాలకు ఒకప్పుడున్న విభక్తి ప్రత్యయాలు చాలావరకు అరిగిపోయాయి కాబట్టి అక్కడ స్థానమే విభక్తి పని చేస్తుంది. పేర్లు తారుమారైతే చంపినవాడే మారిపోతాడు. తెలుగుకు ఆ అవసరం లేదు గనక స్థానాన్ని వేరే పనికి పెట్టుకుంది. చదువరికి ఇప్పటికే తెలిసింది ముందు వస్తుంది. కొత్తగా చెప్పేది క్రియకు సరిగ్గా ముందున్న చోట కూర్చుంటుంది. "నిన్న ఎవరొచ్చారు?" అంటే "నిన్న రాముడొచ్చాడు" అంటాం. "రాముడు ఎప్పుడొచ్చాడు?" అంటే "రాముడు నిన్నొచ్చాడు" అంటాం. ప్రశ్నపదమూ ఆ చోటే వెతుక్కుంటుంది. టర్కిష్, హంగేరియన్ భాషల్లోనూ క్రియ ముందు చోటుకు ఇదే గౌరవం. అనువాదం చేసేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని అడుగు. ఆ జవాబును క్రియ పక్కన పెట్టు. నీ వాక్యాల్లో సగం దీనితోనే కుదురుకుంటాయి.

కర్మణి ప్రయోగం మీద నీకున్న మోజు కూడా ఇక్కడే తీరిపోతుంది. "ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ చేత కట్టబడింది" అని రాశావు. ఇంగ్లీషు రచయితకు అది తప్పనిసరి. ఆయన ఆనకట్ట గురించి మాట్లాడుతున్నాడు, దాన్ని వాక్యం మొదట పెట్టాలి. మొదటి చోటు కర్తది కాబట్టి ఆనకట్టను కర్తగా మార్చక తప్పదు. నీకు ఆ ఇబ్బంది లేదు. "ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ కట్టించాడు" అను. ఆనకట్ట ముందుకొచ్చింది, కాటన్ పేరు క్రియ పక్కకు చేరింది, "బడు" అవసరమే లేకపోయింది. ఆ పేరా కాటన్ గురించయితే "ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు" అని తిప్పెయ్. చేసినవాడెవరో తెలియనప్పుడూ "బడు" అక్కర్లేదు: "గుడిని పదిహేనో శతాబ్దంలో కట్టారు" చాలు.

క్రియ తరవాత మాట పెట్టేటప్పుడు జాగ్రత్త. "నిన్న వచ్చింది రాముడు", "నిన్న వచ్చాడు రాముడు" - ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో క్రియ నామంగా మారింది. వచ్చినవాడు రాముడే, మరొకడు కాదని తేల్చి చెబుతున్నాం. అందుకే రాముడు మగవాడైనా క్రియ "వచ్చింది" అనే ఉంటుంది. రెండోదాంట్లో వాక్యం "వచ్చాడు" దగ్గరే అయిపోయింది, పేరును తరవాత అతికించాం. మాట్లాడేటప్పుడు అది సహజం, సంభాషణలో హాయిగా వాడుకో. కథనంలో పేరాకు నాలుగుసార్లు వాడితే ప్రతి వాక్యమూ పాట చరణంలా వినిపిస్తుంది. నీ మూడో అధ్యాయంలో అదే జరిగింది.

ఇంత స్వేచ్ఛ వాక్యం స్థాయిలోనే. నామం చుట్టూ అల్లుకున్న పదబంధంలోకి వెళితే తెలుగు చాలా కఠినం. "అన్నయ్య నిన్న కొన్న ఆ మూడు పాత పుస్తకాలు" అన్నప్పుడు పుస్తకాలకు చెందిన సమస్తమూ ఎడమ పక్కనే ఉండాలి. ఒక్క అంకెకే కాస్త వెసులుబాటు, అదీ ఊరికే కాదు. "ముగ్గురు పిల్లలు వచ్చారు" అంటే ఎవరో ముగ్గురు. "పిల్లలు ముగ్గురూ వచ్చారు" అంటే మనకు తెలిసిన ఆ ముగ్గురూ, ఒక్కరూ మిగలకుండా.

ఈ ఎడమవైపు మొగ్గు మనకొక్కరికే లేదు. భాషాశాస్త్రవేత్త మాథ్యూ డ్రయ్యర్ సుమారు 1,370 భాషలను లెక్కకట్టినప్పుడు, మనలా అన్నిటినీ క్రియకు ఎడమ పక్కనే ఉంచే కర్త-కర్మ-క్రియ వరస 560కి పైగా భాషల్లో కనిపించింది. ఇంగ్లీషులా క్రియ మధ్యలో వచ్చేవి 490 దాకా, వెల్ష్, ఐరిష్‌లా క్రియ, కర్త, కర్మ వరసలో నడిచేవి 95. బ్రెజిల్‌లోని హిష్కర్యాన భాషలో కర్మ ముందు, కర్త చివర. అంతకుముందు 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పక్కపక్కన పెట్టి చూశాడు. అందులో తెలుగు లేదు, కన్నడం ఉంది. క్రియ చివర వచ్చే భాషల్లో "ఇంట్లో", "చెట్టు మీద" అన్నట్టు సంబంధం చెప్పే మాట నామం తరవాతే రావడం చాలా ఎక్కువ అని ఆయన చూపించాడు. జపనీస్, టర్కిష్, తెలుగు ఒక కుటుంబానివి కాకపోయినా ఈ విషయంలో ఒకే తీరు. అయితే దీన్ని ఇనప కట్టులా పట్టుకోకు. బాస్క్‌లో క్రియ చివరే, విశేషణం మాత్రం నామం తరవాత. పారసీకంలో క్రియ చివరే, సంబంధం చెప్పే మాటలు ఎక్కువగా నామానికి ముందు. చైనీస్‌లో క్రియ మధ్యలోనే ఉన్నా, నామాన్ని వర్ణించే ఉపవాక్యం మనలాగే నామానికి ముందు వస్తుంది. ఏ భాషనుంచి అనువదించినా ముందు చూడాల్సింది ఇదే: ఆ భాష నామానికి ఏ పక్కన బరువు వేస్తుంది?

ఇంగ్లీషు కుడి పక్కన వేస్తుంది. మనిషి పేరు చెప్పేసి, తరవాత "ఎవరైతే" అంటూ ఎంత దూరమైనా పోగలదు. నువ్వూ "ఎవరైతే కష్టపడతారో వారు గెలుస్తారు" అని రాశావు. "కష్టపడేవాళ్ళు గెలుస్తారు" అంటే సరిపోయేది. తెలుగులో ఈ పని ధాతుజ విశేషణానిది: తిన్న, తినే, తినని. కానీ దానికో పరిమితి ఉంది. అది నామానికున్న విభక్తిని మింగేస్తుంది. "అబ్బాయి తిన్న అన్నం", "అబ్బాయి అన్నం తిన్న పళ్ళెం" - అన్నాన్ని తిన్నాడు, పళ్ళెంలో తిన్నాడు అన్న తేడా ఎక్కడా కనిపించదు, చదువరి లోకజ్ఞానంతో పోల్చుకుంటాడు. లోకజ్ఞానం అక్కరకు రానిచోట వాక్యం కుంటుతుంది. "నేను వచ్చిన ఊరు" అంటే నేను బయల్దేరిన ఊరా, చేరిన ఊరా? అలాంటిచోట "నేను ఏ ఊరినుంచి వచ్చానో ఆ ఊరు" అని విప్పి చెప్పాలి. "ఏ... ఆ" జంట ఉన్నదే ఇందుకు. అవసరమైనప్పుడు దాన్ని తియ్యడానికి జంకకు, ఇంగ్లీషు ఉపవాక్యం కనబడ్డ ప్రతిచోటా మాత్రం తియ్యకు.

ఎడమ పక్క బరువుతో వచ్చే ఇంకో చిక్కు, ఏ విశేషణం ఏ నామానిదన్నది. "తెల్లచీర కట్టుకున్న అమ్మాయి తల్లి" అంటే చీర ఎవరిది? తల్లిదయితే "అమ్మాయి తల్లి తెల్లచీర కట్టుకుని ఉంది" అని వర్ణనను క్రియ దగ్గరకు పంపు. కామాతో తెగేది కాదిది.

ఇక నిడివి. నా దృష్టిలో నీ అనువాదాన్ని బాగా దెబ్బతీసింది ఇదే. ఇంగ్లీషులో పొట్టి భాగాలు ముందు, పొడుగువి చివర ఉంటే చదవడం తేలిక. క్రియ ముందే వచ్చేసింది కాబట్టి తోక ఎంత సాగినా ఫరవాలేదు. క్రియ చివర ఉండే భాషల్లో ఇది తలకిందులు. జపనీస్ మాట్లాడేవాళ్ళు పొడుగు భాగాన్నే ముందుకు తెస్తారని హిరోకో యమషిత, ఫ్రాంక్లిన్ చాంగ్ 2001లో చూపించారు. తెలుగుకూ అదే హాయి. "సీత నిన్న విజయనగరం నుంచి వచ్చిన పెదనాన్నగారి మనవడికి పుస్తకం ఇచ్చింది" అని నువ్వు రాసింది చూడు. "సీత" అనగానే చదువరి ఆ పేరును పట్టుకుని క్రియ కోసం ఎదురుచూస్తాడు. మధ్యలో "వచ్చిన" తగలగానే వచ్చింది సీతేమో అనుకుంటాడు కూడా. "నిన్న విజయనగరం నుంచి వచ్చిన పెదనాన్నగారి మనవడికి సీత పుస్తకం ఇచ్చింది" అంటే ఆ తడబాటు ఉండదు. పొడుగుది ముందే ముగిసిపోయింది, పొట్టివన్నీ క్రియ పక్కన చేరాయి.

"అని" వాక్యాలకూ ఇదే మందు. "రాజు... అని చెప్పాడు" మధ్యలో ఇరవై మాటలు ఇరికించే బదులు "... అని రాజు చెప్పాడు" అను. "రాజు చెప్పింది ఏమిటంటే" అంటూ మొదలుపెట్టడం ఎప్పుడో ఒకసారి బాగుంటుంది, అలవాటైతే విసుగు. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. రాజు తన రాక గురించే చెప్పినప్పుడు, ఇంగ్లీషు చూసి "అతను రేపు వస్తాడని రాజు చెప్పాడు" అని రాశావు. తెలుగులో అలా అంటే వచ్చేది మరెవరో. "తాను రేపు వస్తానని రాజు చెప్పాడు" అనాలి. రాజు నోట వచ్చిన ఉత్తమపురుష క్రియ చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

వాక్యం మరీ పొడుగైతే క్త్వార్థకాలతో నడిపించొచ్చు: లేచి, మొహం కడుక్కుని, బయల్దేరాడు. మామూలుగా ఈ పనులన్నిటికీ కర్త ఒకరే కావాలి. "తలుపు తీసి చూస్తే పిల్లి" ఫరవాలేదు, "తలుపు తీసి పిల్లి లోపలికొచ్చింది" అంటే తలుపు తీసింది పిల్లే. "అమ్మ వంట చేసి పిల్లలు తిన్నారు" అసలు నిలవదు, "అమ్మ వంట చేశాక పిల్లలు తిన్నారు" అనాలి. "వాన పడి చెరువు నిండింది" మాత్రం చక్కటి తెలుగు. కర్తలు వేరువేరైనా ఎవరూ కావాలని చేసిన పని కాదు, పైగా మొదటిది రెండోదానికి కారణం. ఆ రెండు షరతులూ ఉంటేనే కర్త మారొచ్చు.

తిరగరాసేటప్పుడు మూలాన్ని మూసిపెట్టు. పెన్సిలుతో ప్రతి సమాపక క్రియ కింద గీత గియ్యి. దాని వెనక్కి చదువుకుంటూ పోయి, క్రియ కోసం కాచుకుని ఉన్న నామాలెన్నో లెక్కపెట్టు. మూడు దాటితే ఒకదాన్ని విడి వాక్యం చెయ్యి. తరవాత క్రియకు ముందున్న మాటను చూడు. చదువరికి అప్పటికే తెలిసినదేదో అక్కడ కూర్చుని ఉంటే లేపి ముందుకు పంపు. పేరాకు పది నిమిషాలు పడుతుంది. కొన్ని పేరాలయ్యాక గీత అవసరం ఉండదు, గొంతెత్తి చదివితేనే తెలిసిపోతుంది. వీలు చూసుకుని తెలుగు వాక్య నిర్మాణం మీద చేకూరి రామారావు రాసినవి చదువు. మూడో అధ్యాయం ఇలా దిద్ది, మొదటి ప్రతితో కలిపి పంపు. ఉంటాను.