విరిగిన స్పోకు దగ్గరే ఆగిపోకు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. వెనక చక్రంలో మళ్ళీ స్పోకు విరిగిందనీ, నువ్వే కట్టుకున్న కొత్త చక్రం కొద్ది రోజుల్లోనే అవుట్ వచ్చిందనీ, అంటే తిన్నగా తిరగక పక్కలకి ఊగుతోందనీ, ఆపైన ఆదివారం రైడ్ గురించి ఇంట్లో మాటామాటా పెరిగిందనీ రాశావు. చివర్లో "సైకిల్ అమ్మేద్దామనిపిస్తోంది మావయ్యా" అన్నావు. ఆ మాట చదివి నాకు బాధేసింది. సైకిల్ అమ్మేయకు తల్లీ. నువ్వు రాసినవన్నీ బాగుపడే సంగతులే. సైకిల్‌తో ఇన్నేళ్ళుగా ఉన్నాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. తంటా కనిపించే చోటు ఒకటైతే, పుట్టే చోటు ఇంకొకటి. కనిపించిన చోటే అతుకు వేసి వదిలేస్తే అది మళ్ళీ వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు విసుగు కూడా రెట్టింపవుతుంది.

ముందు స్పోకుల సంగతి చూద్దాం. ఎక్కడ విరుగుతోందో నువ్వు రాయలేదు. చక్రం నడిమధ్య ఉండే హబ్ దగ్గర వంపులోనా, రిమ్ దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు, అదే నిపుల్, దాని మరల్లోనా? చాలామటుకు వంపులోనే విరుగుతుంది. గుంటలో పడ్డందుకు విరిగిందని అందరూ అనుకుంటారు. అసలు జరిగేది వేరు. చక్రం తిరిగే ప్రతి చుట్టులో నేల వైపు వచ్చిన స్పోకు కాస్త సడలి, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. నీ సైకిల్‌కి ఉండేలాంటి 700సి సైజు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకి 470 సార్లకు పైగా ఈ సడలడం, బిగియడం జరుగుతూ ఉంటుంది. స్పోకు మొదటినుంచీ గట్టిగా బిగిసి ఉంటే ఆ కాస్త సడలింపు దాన్ని ఏమీ చెయ్యదు. వదులుగా ఉంటే మాత్రం వంపు దగ్గర కదిలి కదిలి లోహం అలిసిపోతుంది. ఎప్పుడో ఒక రోజు, నున్నటి రోడ్డు మీద వెళ్తుండగానే టప్పుమంటుంది.

బిగువు ఎక్కువై విరుగుతున్నాయనుకుని స్పోకుల్ని ఇంకా వదులు చేసేవాళ్ళున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. ఒకే చక్రంలో రెండు మూడు విరిగాయంటే మిగతావి కూడా అంతే అలిసిపోయి ఉంటాయి, ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం దండగ. రిమ్ తిన్నగా ఉండి, హబ్ బాగుంటే వాటినే ఉంచి స్పోకులన్నీ కొత్తవి వేసి కట్టు. అయితే దానికి ముందు క్యాసెట్, అంటే వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తి, పక్కనున్న స్పోకుల్ని వెలుతురులో పెట్టి చూడు. వాటి మీద గీతలు పడి ఉంటే ఎప్పుడో చైన్ క్యాసెట్ వెనక్కి జారి స్పోకుల్ని కోసిందన్నమాట. అప్పుడు బాగుచేయాల్సింది గేర్ల సర్దుబాటు కూడా.

ఇక కొత్త చక్రం. నువ్వు సొంతంగా చక్రం కట్టావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. సన్నటి తీగల్ని లాగి పట్టి చక్రాన్ని నిలబెట్టొచ్చని 1808లో జార్జ్ కేలీ ఆలోచించాడు. అదీ సైకిల్ కోసం కాదు, ఎగిరే యంత్రానికి తేలికైన చక్రాలు కావాలని. స్పోకుల్ని హబ్ నుంచి నేరుగా కాక ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేట్టు వేసే పద్ధతికి 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంట్ తీసుకున్నాడు. పెడల్ తొక్కిన బలం హబ్ నుంచి రిమ్‌కి అందేది ఆ ఏటవాలు వల్లే. ఇప్పుడు నీ చేతిలో ఉన్న చక్రం అదే.

అది అవుట్ రావడానికి కారణం, నువ్వు రాసినదాన్నిబట్టి, స్పోకుల మెలి. నిపుల్ తిప్పినప్పుడు స్పోకు కూడా దానితోపాటు కొంచెం మెలితిరుగుతుంది. చక్రాన్ని తిప్పి సరిచూసే స్టాండ్ మీద అంతా తిన్నగా కనిపిస్తుంది. రోడ్డెక్కగానే ఆ మెలి విడిపోయి చక్రం పక్కకి పోతుంది. మొదటి రైడ్‌లో టింగ్ టింగ్ మని చప్పుళ్ళు వచ్చాయని రాశావు చూడు, అవి ఇవే. దీనికి మందు తేలికే. నిపుల్‌ని కావలసినదానికన్నా కాస్త ఎక్కువ తిప్పి, ఆ ఎక్కువని వెనక్కి తిప్పు. మరలకీ, నిపుల్ రిమ్‌లో కూర్చునే చోటికీ ముందే ఒక్కో చుక్క నూనె వెయ్యి. పని అయ్యాక పక్కపక్కనే సమాంతరంగా పోయే స్పోకుల్ని రెండేసి చొప్పున గుప్పిట్లో పట్టుకుని గట్టిగా నొక్కు. చక్రమంతా అలా చేశాక మళ్ళీ స్టాండ్ మీద చూస్తే కొంత అవుట్ కనిపిస్తుంది. దిగులుపడకుండా సరిచేసి మళ్ళీ నొక్కు. నొక్కినా మారని రోజున చక్రం సిద్ధమైనట్టు.

పని వరుస కూడా చెప్తాను, ఎక్కువమంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుంటారు. నిపుల్స్ అన్నిటినీ ముందు ఒకే స్థాయికి తీసుకురా. స్పోకు మర చివరి చుట్టు నిపుల్‌లోకి అప్పుడే మాయమయ్యేట్టు పెడితే సరిపోతుంది. వాల్వ్ రంధ్రం దగ్గర మొదలుపెట్టి చుట్టూ అరచుట్టు చొప్పున బిగిస్తూ రా. బిగువు ఇంకా తక్కువగా ఉన్నప్పుడే ఎత్తుపల్లాలు సరిచెయ్యి, బిగిసిన తర్వాత అవి మొండికేస్తాయి. తర్వాత పక్కల అవుట్, ఆ తర్వాత రిమ్ ఇరుసుకి నడిమధ్యలో ఉందో లేదో చూడటం. మూడూ కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ పోవాలి. చివరికొచ్చేసరికి పావుచుట్టు కన్నా ఎక్కువ తిప్పకు. ఎటు తిప్పితే బిగుస్తుందో తికమక పడుతున్నావు కదా? టైరు ఉండే వైపు నుంచి నిపుల్‌ని చూస్తున్నట్టు ఊహించుకో, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది.

నడిమధ్యలో ఉందో లేదో చూడటానికి ప్రత్యేకమైన పనిముట్టు లేకపోయినా పర్వాలేదు. చక్రాన్ని ఫ్రేములో పెట్టి రిమ్‌కీ బ్రేక్ షూకీ మధ్య ఖాళీ చూడు. చక్రాన్ని కుడిఎడమలు మార్చి పెట్టి మళ్ళీ చూడు. ఖాళీ మారకపోతే సరిగ్గా ఉన్నట్టే. వెనక చక్రంలో క్యాసెట్‌కి చోటివ్వాలి కాబట్టి కుడివైపు స్పోకులు ఎక్కువ నిటారుగా, ఎక్కువ బిగువుగా ఉంటాయి. ఎడమవైపువి వాటికన్నా వదులుగా ఉంటే కంగారుపడకు. ఒకే వైపువి ఒకదానితో ఒకటి సమానంగా ఉండాలి, అంతే. వేలితో మీటి విను. ఒక వైపు స్పోకులన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. బిగువు కొలిచే మీటర్ దొరికితే వెనక కుడివైపు 100 నుంచి 120 కేజీల బలం దాకా చాలా రిమ్ములు తట్టుకుంటాయి. కానీ నీ రిమ్ తయారీదారు ఇచ్చిన పరిమితే నీకు లెక్క. పక్కకి అర మిల్లీమీటరు తేడా ఉంటే వదిలెయ్యి. దాన్ని సున్నా చేద్దామని పోతే బిగువు సమానం పోతుంది, అప్పుడు నిజంగా చెడుతుంది.

ఇంకో మాట, రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు చక్రం పని పెట్టుకోకు. తప్పు నిపుల్ తిప్పేది అప్పుడే. పక్కన పెట్టేసి పొద్దున్నే చూసుకో.

పంచర్ల గురించి రాసినదానికి క్లుప్తంగా చెప్తాను. ట్యూబ్ అతికించి ఎక్కించడానికి తొందరపడకు, రంధ్రం ఎటువైపు ఉందో చూడు. బయటి వైపు ఒకే రంధ్రం ఉంటే ముల్లో గాజుపెంకో ఇంకా టైరులోనే ఉండొచ్చు, లోపల గుడ్డతో తడిమి తీసెయ్యి. పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై ట్యూబ్ రిమ్‌కీ రాయికీ మధ్య నలిగినట్టు. లోపలి వైపు, అంటే రిమ్ వైపు ఉంటే రిమ్ టేపు జరిగి ఉంటుంది, లేదంటే పొడుగైన స్పోకు కొన నిపుల్ దాటి పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్త చక్రానికే పంచర్లు ఎక్కువవుతున్నాయి అన్నావు కాబట్టి నాకు ఈ చివరిదాని మీదే అనుమానం. సొల్యూషన్ రాశాక తడి ఆరి జిగటగా అయ్యేదాకా ఆగి ప్యాచ్ వెయ్యి. ఆగకపోవడం వల్లే ప్యాచ్‌లు ఊడేది.

కిర్రుమనే చప్పుడు కూడా మనిషిని అంతే మోసం చేస్తుంది. పెడళ్ళ మధ్య ఇరుసు దగ్గర నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, ఖర్చుపెట్టి దాన్ని మారుస్తాం, చప్పుడు అలాగే ఉంటుంది. సీటు మీదనుంచి లేచి తొక్కి చూడు. ఆగిపోతే అది సీటు పోస్టుదో, సీటు కింది బిగింపుదో. వాటిని విప్పి, తుడిచి, గ్రీజు రాసి బిగిస్తే చాలు (కార్బన్ పోస్టుకి మాత్రం గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు ఉంటుంది). లేచి తొక్కినా ఆగకపోతే పెడళ్ళ మరలూ, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం, అదే చైన్ రింగు, దాని బోల్టులూ చూడు. గేర్లు జారుతున్నాయంటే ముందు చైన్ కొలువు. కొత్త చైన్‌లో ఒక్కో లింకు అర అంగుళం, 24 లింకులు కలిపి 304.8 మిల్లీమీటర్లు. అది 307 దాకా సాగిందంటే మార్చాల్సిన సమయం దాటిపోతోంది, ఇంకా ఆలస్యం చేస్తే క్యాసెట్‌ని కూడా తినేస్తుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. అల్లుడికి సైకిలంటే గిట్టదని నువ్వు అనుకుంటున్నావు. నాకలా అనిపించలేదు. నువ్వు రాసిన ఆ గొడవనే మళ్ళీ చదివాను. పదింటికి వస్తానన్నావు, పన్నెండున్నరకి వచ్చావు, మధ్యలో ఫోన్ లేదు. బాబుని చూసుకుంటూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న మనిషికి కలిగిన టెన్షన్ అది. పంచరైందని నువ్వు చెప్పిన కారణం నిజమే. కానీ పంచర్ ఎప్పుడో ఒకప్పుడు అవుతుందని మనకి తెలుసు కదా? అందుకని ఇంట్లో చెప్పే సమయంలో దాన్ని కూడా కలుపుకో. పదింటికి రాగలవనుకుంటే పదకొండని చెప్పు. ముందొస్తే సంతోషిస్తారు. దారిలో ఆలస్యమైతే టైరు విప్పడానికి ముందే ఫోన్ చెయ్యి, తర్వాత కాదు. వారంలో ఒక పూట పూర్తిగా అల్లుడిది కావాలి. ఆ పూట బాబు నీ దగ్గరే ఉండాలి, సైకిల్ గురించిన ఆలోచన కూడా ఉండకూడదు. ఇది ఇచ్చిపుచ్చుకునే లెక్క కాదు, ఆయనకీ విశ్రాంతి కావాలి కాబట్టి చెప్తున్నాను.

ఆయన ఒకసారి నీతో వచ్చి మళ్ళీ రానన్నాడన్నావు. ఎందుకో నాకు అర్థమైంది. ఎత్తు రోడ్డు పైన నువ్వు ఆగి ఎదురుచూశావు, ఆయన ఆయాసపడుతూ చేరగానే "పదండి" అని బయల్దేరావు. నీకు విశ్రాంతి దొరికింది, ఆయనకి దొరకలేదు. రోజంతా అలాగే సాగుంటుంది. నెమ్మదిగా తొక్కేవాళ్ళే ముందుండాలి, వేగం వాళ్ళదే. ఆగినప్పుడు వాళ్ళు సరేనన్నాకే కదలాలి. దూరం నీకు సరిపోయేంత కాదు, ఆయనకి ఇంకాస్త తొక్కాలనిపించేంత చాలు. దారిలో గేర్లు ఎలా మార్చాలో పాఠాలు చెప్పకు. ఆయన సైకిల్ సీటు ఎత్తు మాత్రం బయల్దేరే ముందు చూడు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెచ్చినప్పుడు కాలు తిన్నగా రావాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు బాగా కిందికి ఉన్నందుకు మోకాళ్ళు నొప్పి పుట్టి, సైకిలే తన ఒంటికి పడదనుకునేవాళ్ళు ఎంతమందో.

ఇంట్లో నూనె మరకల గురించి ఆయన అన్నమాటా న్యాయమైనదే. చైన్ పనికి ఒక మూల నిర్ణయించుకో, కింద పాత అట్టపెట్టె పరుచుకో, పనిముట్లు ఆ మూల దాటి రానివ్వకు.

బాబుకి సైకిల్ నేర్పే సంగతికి వస్తే నాకు హుషారొచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1887లో గాలి నింపిన టైర్లు మొదట బిగించింది తన కొడుకు తొక్కే మూడు చక్రాల బండికే, గట్టి టైర్లతో పిల్లవాడు కుదుపులు పడుతున్నాడని. మరుసటి ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. గాలి టైరుకి అంతకుముందే, 1840లలో, థామ్సన్ అనే ఆయన పేటెంట్ పొందినా అది వాడుకలో నిలవలేదు. ఇంట్లో పిల్లవాడి అవస్థ చూసి చేసిన పనే లోకమంతా పాకింది.

బాబుకి పక్క చక్రాలు బిగించొద్దు. అవి ఉంటే ఒరగడం నేర్చుకోలేడు, తీసేసిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది. రెండు పెడళ్ళూ విప్పేసి, సీటు కిందికి దించి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేట్టు పెట్టు. కాళ్ళతో నెట్టుకుంటూ ఆడుకోనీ. పాదాలెత్తి కాసేపు జారుతూ పోగలిగిన రోజున పెడళ్ళు బిగించు. పట్టుకోవాల్సి వస్తే చంకల కింద పట్టుకో, హ్యాండిల్ పట్టుకోకు, దాన్ని తిప్పుకోవడం వాడి పని. రెండేళ్ళ తర్వాత కూడా సరిపోతుందని పెద్ద సైకిల్ కొనకు. బ్రేక్ లివర్ వాడి వేళ్ళకి అందుతుందా లేదా అన్నది రంగు కన్నా ముందు చూడు. పడతాడు, ఏడుస్తాడు. ఆ పూటకి ఆపెయ్యి. రోజూ కాసేపు చాలు.

పెడళ్ళు విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. కుడిది మామూలుగానే విప్పొచ్చు. ఎడమ పెడల్ మర ఎదురు మర, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. రెండిటి మీదా ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి, తిరిగి బిగించేటప్పుడు అవి చూసుకుని, మరలకి కాస్త గ్రీజు రాసి, ముందు చేత్తోనే తిప్పు. విరిగిన స్పోకు ఫొటో, హబ్ కొలతలు, రిమ్ లోపలి కొలత పంపితే ఎడమ కుడి స్పోకుల పొడవులు లెక్కకట్టి రాస్తాను. అప్పటిదాకా కొత్త స్పోకులు కొనకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య