మామయ్య పంపిన వీడియో, బస్సెక్కనంటున్న బాబు

హైదరాబాద్ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"మేడమ్, మా మామయ్య ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు, నెల్లూరు వైపు. అత్తయ్య పోయాక రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫ్యామిలీ గ్రూప్‌లో ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. పులికాట్‌లో ఫ్లెమింగోలు, లేపాక్షిలో వేలాడే స్తంభం కింద నుంచి చీర కొంగు లాగడం, అలాంటివి. మధ్యలో యాక్సిడెంట్ వీడియోలు, పిల్లల్ని ఎత్తుకెళ్లే గ్యాంగులు దిగాయి జాగ్రత్త అని మెసేజ్‌లు. మూడు వారాల కింద మా తొమ్మిదేళ్ల బాబు ఆయన ఫోన్‌లో ఒక లారీ యాక్సిడెంట్ వీడియో చూశాడు. అప్పట్నుంచి స్కూల్ బస్ ఎక్కనంటాడు, రాత్రి లేచి కూర్చుని నాన్న వచ్చాడా అని అడుగుతాడు. కోపం పట్టలేక మామయ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని గ్రూప్‌లోంచి ఆయన్ని తీసేశాను. పది రోజులైంది, నాతో మాట్లాడట్లేదు, అన్నం గదిలోకి తీసుకెళ్లి సగం వదిలేస్తున్నారు. మా ఆయనేమో పెద్దాయన, ఏమంటాం, నువ్వే సర్దుకోవాల్సింది అంటున్నారు. నేను తప్పు చేశానా?"

అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం, పెద్దవాళ్ల అలకలు తర్వాత.

తొమ్మిదేళ్ల పిల్లాడికి అది సినిమా కాదు నిజంగా జరిగిందని తెలుస్తుంది, కానీ ఎక్కడో ఒకచోట జరిగింది, మనకి జరగాలని లేదు అని సర్దిచెప్పుకోవడం ఇంకా రాదు. అందుకే వాడికి ప్రతి లారీ ఆ లారీయే, నాన్న ఆఫీసు నుంచి లేటైతే ఆ రోడ్డు మీదే ఉన్నాడనిపిస్తుంది. ఏం కాదు మర్చిపో అని అనకండి, మర్చిపోవడం వాడి చేతిలో లేదు. పడుకునే ముందు కాకుండా సాయంత్రం పూట, మీ ఇద్దరే ఉన్నప్పుడు, ఆ వీడియోలో నీకు ఏది ఎక్కువ గుర్తొస్తోంది నాన్నా అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. చెప్తే మధ్యలో ఆపకుండా వినండి, చెప్పకపోతే వదిలేయండి, రోజూ కూర్చోబెట్టి అడగొద్దు. బొమ్మ గీస్తానంటే ఎంత భయంకరంగా గీసినా గీయనివ్వండి. రాత్రి లైట్ వేసి పడుకుంటానంటే వేయండి, అలవాటైపోతుందేమో అన్న బెంగ ఇప్పుడొద్దు. వాళ్ల నాన్న ఆఫీసులో బయల్దేరేటప్పుడు ఒక ఫోన్ చేస్తే ఇంకా మంచిది. తాత ఫోన్ చూడటం నీ తప్పు కాదు అని కూడా మీ నోటితో వాడికి చెప్పండి, చాలామంది పిల్లలు ఈ భయం లోపల పెట్టుకుంటారు, తనవల్లే అమ్మకీ తాతకీ గొడవైందని. ఇప్పటికే మూడు వారాలైంది కాబట్టి ఇంకో వారం పది రోజుల్లో నిద్ర దారిలో పడకపోయినా, అప్పటికీ స్కూల్ బస్ ఎక్కకపోయినా పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించండి. ఈలోపు 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టిన ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

వీడియో చూస్తే ఇంత అవుతుందా అని మీ ఆయనకి అనుమానం ఉండొచ్చు. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు ఒక స్టడీ చేశారు. ఆ వారంలో రోజుకి ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ ఆ దృశ్యాలు టీవీల్లో ఫోన్లలో చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్లలో కన్నా ఎక్కువ కనిపించాయి, అదీ పెద్దవాళ్లలో. మీవాడు ఒక్కసారే చూశాడు నిజమే, కానీ వాడి వయసు తొమ్మిది.

ఇంకో మాట, ఇది నాకు చాలా బాధ కలిగించేది. ఆ వీడియోలో రోడ్డు మీద పడున్న మనిషికి కూడా ఒక ఇల్లుంది. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయికి అన్న చనిపోయిన సంగతి పోలీసులు ఫోన్ చేసి చెప్పకముందే వాట్సాప్‌లో తెలిసింది, షర్ట్ చూసి గుర్తుపట్టింది. నాలుగేళ్లైనా ఆ అమ్మాయి ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. ఈ మాట మీ మామయ్యకి చెప్పాలి, నిష్ఠూరంగా కాదు, ఆయనకి తట్టి ఉండదు కాబట్టి.

ఇప్పుడు మీ మామయ్య గురించి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న మాట, ఆర్టీసీ కంట్రోలర్. అంటే జీవితమంతా బస్టాండ్‌లో జనం మధ్య కూర్చుని, ఏ బస్ ఏ ప్లాట్‌ఫామ్ మీదకొచ్చింది, ఏది లేటు, ఏది క్యాన్సిల్ అని మైకులో చెప్పిన మనిషి. ఆయన గొంతు వినపడితే వందమంది మూటలు సర్దుకుని లేచేవాళ్లు. ఇప్పుడు ఫ్లాట్‌లో పగలంతా ఒక్కరే, మాట్లాడే భార్య కూడా లేదు. పొద్దున్నే ఫ్లెమింగోల ఫోటో పెట్టడమంటే మా వైపు చలికాలం పక్షులొచ్చేశాయమ్మా చూడండి అని పిలవడం. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక్క ముక్క జవాబిచ్చారా? నిజంగా అడుగుతున్నా. చాలా ఇళ్లలో నేను చూసేది ఇదే, మంచి ఫోటో పెడితే ఎవరూ పలకరు, భయపెట్టేది పెడితే అయ్యో ఎక్కడ మామయ్యా, నిజమేనా అని పదిమంది పలుకుతారు, పెద్దవాళ్లు ఏది పెడితే ఇల్లు కదులుతుందో అదే పెడతారు.

అలాగని ఆ పిల్లల్ని ఎత్తుకెళ్లే గ్యాంగుల మెసేజ్‌లు చిన్న విషయమని అనట్లేదు. 2018లో మన రెండు రాష్ట్రాల్లోనూ దేశమంతా తిరిగిన వీడియో గుర్తుందా, బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం? అది పాకిస్తాన్‌లో, కరాచీలో, పిల్లల భద్రత గురించి జాగ్రత్త చెప్పడానికి తీసిన వీడియో. చివర్లో ఆ బైక్ వాళ్లే పిల్లాణ్ణి తిరిగి దింపేసి ఒక బోర్డు చూపిస్తారు, ఆ ముక్క ఎవరో కత్తిరించి వదిలారు. ఆ ఏడాది అలాంటి పుకార్లు నమ్మి జనం కొట్టి చంపినవాళ్లున్నారు, మహారాష్ట్రలో ధూలే జిల్లాలో జులై 1న ఒక్కరోజే ఐదుగురు. గద్వాల వైపు అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్లలోకి పంపి డప్పుతో పాటలతో చెప్పించారు, నమ్మొద్దని. వాట్సాప్ కూడా ఆ తర్వాతే మన దేశంలో ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపింది, మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

ఇది మామయ్యకి ఎలా చెప్పాలంటే ఆయన పని భాషలోనే చెప్పండి. మామయ్యా, డిపో నుంచి కబురు రాకుండా మీరెప్పుడైనా బస్ క్యాన్సిల్ అని మైకులో చెప్పారా, ఎవరో ప్రయాణికుడు అన్నాడని చెప్పేసేవారా, అని అడగండి. ఆ ఉద్యోగం చేసినాయనకి అంతకన్నా వివరం అక్కర్లేదనుకుంటా.

మీరడిగిన ప్రశ్న, తప్పు చేశానా అని. వీడియో ఆపాలనుకోవడం తప్పు కాదు, తల్లిగా అది మీరు చేయాల్సిందే. చేతిలోంచి ఫోన్ లాక్కోవడం మాత్రం, అదీ బాబు ముందు జరిగి ఉంటే, క్షమాపణ అడగాల్సిన పనే. అడిగితే మీరేం చిన్నబోరు. ఫోన్ లాక్కోవడం తప్పు మామయ్యా, ఆ వీడియోలు ఇంట్లోకి రాకూడదన్న మాట మాత్రం మారదు, అని రెండూ ఒకేసారి చెప్పండి. మీ ఆయన పక్కన ఉండాలి, ఆయన తండ్రితో ఆయన మాట్లాడకుండా భారమంతా కోడలి నెత్తిన పెట్టి సర్దుకోవాల్సింది అనడం న్యాయం కాదు, ఈ లైన్ వరకు ఆయనకి చదివి వినిపించండి. గ్రూప్‌లోకి ఆయన్ని మళ్లీ చేర్చండి, అదే రోజు.

ఫోన్‌లో కూడా చిన్న పనుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లోకెళ్లి మీడియా వాటంతటవే డౌన్‌లోడ్ అవకుండా ఆపేయండి, ఆయనకి వీడియోలొచ్చే గ్రూపుల్లో మీడియా విజిబిలిటీ కూడా ఆపితే కొత్తగా వచ్చేవి గ్యాలరీలోకి చేరవు. ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతే చేయించండి.

ఇక స్కూల్ బస్. ఇది వాళ్ల నాన్న వల్లో మీ వల్లో కన్నా తాత వల్లే బాగా అవుతుందని నాకనిపిస్తోంది, బాబు ఇష్టపడితేనే, బలవంతంగా కాదు. మీ ఇంట్లో బస్సుల గురించి అంత తెలిసినాయన ఇంకెవరున్నారు? పొద్దున ఇద్దర్నీ కలిసి స్టాప్ దాకా పంపండి. డ్రైవర్‌తో తాత నాలుగు మాటలు మాట్లాడనీ, బయల్దేరే ముందు ఏమేం చూసుకుంటారో ఆయన్నే చెప్పనీ, టైర్లు, బ్రేకు, అద్దాలు, వెనక డోరు. మొదటి రెండు మూడు రోజులు ఎక్కకుండా తిరిగొచ్చేసినా పర్లేదు, మీరు బండి మీద దింపేయండి, లేటైతే ఎందుకైందో టీచర్‌కి చెప్పి ఉంచండి. తర్వాత ఏమైందో నాకు మళ్లీ రాయండి, మామయ్య గారు అన్నం హాల్లో కూర్చుని తింటున్నారా లేదా అన్నది కూడా.