ఫొటో ప్రశ్నలు: చలికాలమంతా రోజుకో ఫొటో

ప్రశ్న: సర్ నమస్తే. ఈ చలికాలం రోజుకో ఫొటో తీయాలని పెట్టుకున్నా, ఒకరోజు సిటీలో, ఇంకోరోజు ఊరి బయట చెట్లూ నీళ్ళూ ఉన్న వైపు. మొదట్లో హుషారుగానే ఉంది కానీ ఇప్పుడు రోజూ కొత్త చోటు ఎక్కడ వెతకాలో తెలీట్లేదు, తీసినవన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఆపేయమంటారా?

జవాబు: ఫొటోలు ఆపకండి, కొత్త చోట్లు వెతకడం ఆపేయండి. రోజూ తీసేవాళ్ళ ఓపిక ముందు తినేసేది చలి కాదండీ, ఈ వెతుకులాటే. రెండే చోట్లు పెట్టుకోండి, సిటీలో ఒకటి, బయట ఒకటి, రెండూ మీరు ఎలాగూ వెళ్ళే దారిలోనే ఉంటే మరీ మంచిది, అక్కడే నిలబడి అదే ఫ్రేమ్ మళ్ళీ మళ్ళీ తీయండి, ఆ తర్వాత మూడ్ ఉంటే అటూ ఇటూ తిరిగి ఇంకేమైనా తీసుకోండి.

ఒకేలా ఉన్నాయని బాధపడుతున్నారు కదా, నిజానికి అవి ఇంకా సరిపడా ఒకేలా లేవు! రోజుకో చోట రోజుకో టైమ్‌లో తీస్తే రెండు ఫొటోల మధ్య ఏం మారిందో ఎవరికీ తెలీదు, ఫ్రేమ్ కదలకుండా ఉంటే మాత్రం ఆకు రాలడం, నీళ్ళు తగ్గడం, కొమ్మల వెనక ఇన్నాళ్ళూ దాక్కున్న బిల్డింగ్ బయటపడటం అన్నీ వాటంతటవే కనిపిస్తాయి. ఫ్రేమ్ ఎడమ అంచున ఒక స్తంభమో కుడి మూల ఒక కొమ్మో గుర్తు పెట్టుకోండి, జూమ్ లెన్స్ అయితే దాని మీద ఉండే మి.మీ. అంకె 35 అంటే రోజూ 35 దగ్గరే, నిన్నటి ఫొటో ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని సరిచూస్కుంటే సరి.

టైమ్ విషయంలో నా మాట వినండి, సూర్యోదయం సూర్యాస్తమయం లెక్క కాకుండా గడియారం లెక్కే పట్టుకోండి. సాయంత్రం ఆరంటే ఆరే. ఎందుకంటే అప్పుడు వెలుతురు ఎంత జరుగుతోందో కూడా ఫొటోలో పడుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది, ఉత్తరార్ధగోళంలో అన్నిటికంటే చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22న వస్తుంది కానీ అన్నిటికంటే తొందరగా పొద్దుగూకేది ఆ రోజు కాదు, అది ముందే అయిపోతుంది, అన్నిటికంటే ఆలస్యంగా తెల్లారేది దాని తర్వాతెప్పుడో. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా వచ్చి కాస్త స్పీడుగా తిరుగుతుంది, దానికి అక్షం వంపు తోడై సూర్యుడు ఆకాశంలో బాగా ఎత్తుకు చేరే టైమ్ ఆ రోజుల్లో రోజుకి దాదాపు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతూ పోతుంది, దాంతోపాటే తెల్లారడమూ పొద్దుగూకడమూ వెనక్కి జరుగుతాయి. అంటే సాయంత్రం తీసేవాళ్ళకి వెలుతురు ముందే తిరిగొస్తుంది, పొద్దున తీసేవాళ్ళకి చాలాచోట్ల కొత్త సంవత్సరం వచ్చాక కూడా కొన్నాళ్ళు చీకటి పెరుగుతూనే ఉంటుంది. మీ ఫొటోలు వరసగా పేర్చుకుంటే ఇది పుస్తకం చూడకుండానే తెలిసిపోతుంది.

ఒకే చోటంటే బోర్ అనిపిస్తే చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సూడెక్‌ని చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి, ప్రాగ్‌లో 1940 నుంచి ఏళ్ల తరబడి తన స్టూడియో కిటికీనే ఫొటోలు తీశాడు, అద్దానికి పట్టిన ఆవిరి, జారే చుక్కలు, అవతల ఒక వంకర చెట్టు, అంతే. ఇక రోజుకో ఫొటో అనే పట్టుదలకైతే అమెరికన్ ఫొటోగ్రాఫర్ జేమీ లివింగ్‌స్టన్ ఉన్నాడు, 1979 మార్చి 31న మొదలుపెట్టి 1997 అక్టోబర్ 25న చనిపోయేదాకా రోజుకో పోలరాయిడ్ (తీయగానే బయటికొచ్చే ఫొటో) లెక్కన తీస్తూ పోయాడు. వాటిలో గొప్ప ఫొటోలు ఎన్ని అని లెక్కపెడితే తక్కువే తేలతాయని నా అభిప్రాయం, అయినా చూడ్డం మొదలెడితే మధ్యలో ఆపలేం.

ప్రశ్న: స్నో పడిన రోజు కంటికి తెల్లగా మెరిసిపోతుంటే ఫొటోలో మాత్రం మాసిన గుడ్డలా వస్తోంది. పొగమంచు కూడా అంతే. కెమెరా మార్చాలా?

జవాబు: మార్చక్కర్లేదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి తెలుపు అంటే ఏంటో తెలీదు, ఎదురుగా ఏం పెట్టినా అది సగటున మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్కేస్తుంది. అందుకే మీరే దానికి చెప్పాలి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే ఫొటోని ఎంత వెలుగ్గా తీయాలో చెప్పే సెట్టింగ్) స్నోకి ప్లస్ 1 నుంచి ప్లస్ 2 మధ్య, పొగమంచుకి ప్లస్ 1 దాకా పెంచి చూడండి, ఎండ పడుతున్న స్నో అయితే హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమవైపు, వెలుగు కుడివైపు చూపించే గ్రాఫ్) కుడి గోడకి గుద్దుకోకుండా ఆపండి. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి వేలిని పైకి జరపండి. స్నో మీద నీడలు నీలంగా ఉన్నాయని ఎడిటింగ్‌లో వాటిని తుడిచేయకండి, అక్కడ ఎండ పడట్లేదు, నీలాకాశం వెలుతురే పడుతోంది కాబట్టి ఆ రంగు నిజమే.

పడుతున్న స్నో కనిపించాలంటే వెనక ముదురు రంగేదో ఉండాలి, తడిసిన గోడో చెట్టు మానో, తెల్లటి ఆకాశం మీద అయితే ఏమీ కనపడదు. విల్సన్ బెంట్లీ అని ఒకాయన 1885లో మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి స్నో స్ఫటికాన్ని ఫొటో తీశాడు, తర్వాత అలాంటివి 5000కి పైగా తీశాడు, ఆయనకీ ఇదే తలనొప్పి, తెలుపు మీద తెలుపు. చివరికి నెగెటివ్ మీద స్ఫటికం చుట్టూ ఉన్న పూతని కత్తితో గీకేసి వెనక నల్లగా వచ్చేలా చేసుకున్నాడు. మీకు అంత కష్టం లేదు, రెండడుగులు పక్కకి జరిగితే చాలు. షట్టర్ సెకనులో 1/250 వంతు తెరుచుకుంటే స్నో రేకులు గాల్లో ఆగినట్టు, 1/30 వంతు అయితే గీతల్లా వస్తాయి, నాకైతే గీతలే ఇష్టం.

పొగమంచులో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే దేనిదైనా స్పష్టమైన అంచు మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చేయండి.

ప్రశ్న: పొద్దున ఊరి బయట గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, సిటీలోకి వచ్చేసరికి ఏమీ ఉండదు. కొన్ని నిమిషాల దూరమే కదా?

జవాబు: సిటీ రాత్రంతా వెచ్చగా ఉంటుందండీ. కాంక్రీటూ తారు రోడ్లూ పగటి వేడిని దాచుకుని రాత్రి నెమ్మదిగా వదుల్తాయి, దానికి తోడు మన ఇళ్ళూ బండ్ల వేడి. లండన్‌లో లూక్ హోవర్డ్ ఈ తేడాని కొలిచి 1818 నాటికే రాశాడు, మేఘాలకి పేర్లు పెట్టింది కూడా ఆయనే. బయట నేల మబ్బు లేని, గాలి లేని రాత్రుల్లో గబగబా చల్లారిపోతుంది, చల్లగాలి బరువు కాబట్టి జారి పల్లంలో చేరుతుంది, అందుకే గట్టు మీద లేని మంచు పల్లంలో దొరుకుతుంది. కాబట్టి రాత్రి ఆకాశం శుభ్రంగా ఉండి చెట్టు ఆకు కదలకపోతే పొద్దున్నే బయటి చోటుకి వెళ్ళండి, అదీ ఎండ తగలకముందే, మబ్బు పట్టిన రోజుల్ని సిటీకి వదిలేయండి, తడి రోడ్ల మీద లైట్ల నీడలు ఆ రోజుల్లోనే బాగుంటాయి. నీళ్ళ మీద గడ్డకట్టిన మంచు కనిపిస్తే ఫొటో కోసం దాని మీద కాలు పెట్టకండి, పైనుంచి చూసి మందం చెప్పడం ఎవరివల్లా కాదు. పక్షుల్ని కూడా దగ్గరికెళ్ళి లేపొద్దు, చలిలో ఒకసారి ఎగిరినా వాటికి బోలెడు శక్తి ఖర్చు.

ప్రశ్న: బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతోంది. లోపలికి రాగానే లెన్స్ మీద చెమట పడుతోంది.

జవాబు: చలికి బ్యాటరీలో రసాయన చర్యలు మందగించి కరెంట్ సరిగ్గా ఇవ్వలేదు, ఛార్జ్ ఎక్కడికీ పోలేదు, లోపలి జేబులో పెట్టుకుని వెచ్చబడ్డాక మళ్ళీ వేయండి, కొంత తిరిగొస్తుంది. స్పేర్ కూడా ఒంటికి దగ్గరగానే ఉంచుకోండి. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని మాత్రం వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, పాడవుతుంది. చెమట సంగతి, లోపలికి రాకముందే కెమెరాని గాలి చొరని కవర్‌లో పెట్టి మూసేయండి, చెమ్మ కవర్ మీద పడుతుంది, గది వేడికి వచ్చాక తీయండి. మెమరీ కార్డు ముందే తీసేసుకోండి, లేకపోతే ఆత్రం ఆగదు. చేతులు కొంకర్లు పోతుంటే వేళ్ళ దగ్గర తెరుచుకునే గ్లౌజులు.

ప్రశ్న: చీకట్లో ఆఫీసుకెళ్ళి చీకట్లో వస్తా. నాకు దారేది?

జవాబు: లంచ్ బ్రేక్. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయొద్దంటాం కానీ చలికాలంలో ఆ రూల్ చాలాచోట్ల చెల్లదు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తులో ఉంటే డిసెంబర్ 21న సుమారు 27 డిగ్రీలే, నీడలు మధ్యాహ్నం కూడా పొడుగ్గా రోడ్డంతా పాకుతాయి. లేదంటే సందెవేళ, పొద్దుగూకాక ఓ ఇరవై నిమిషాలకి ఆకాశం నీలమూ కిటికీల లైట్లూ దాదాపు ఒకే వెలుగులో ఉండే కొద్దిసేపు దొరికితే వదలకండి.

ప్రశ్న: ఒకరోజు జ్వరమొచ్చి తీయలేదు. ముందురోజువి రెండున్నాయి, ఒకటి ఆ తేదీలో పెట్టేయొచ్చా?

జవాబు: వద్దు. ఖాళీ వదిలేసి కింద జ్వరం అని రాసుకోండి. లేదా మంచం మీంచే కిటికీని ఫొటో తీసి ఉండాల్సింది, సూడెక్ చేసింది అదేగా.