ఇంజనీరింగ్ చేస్తూ కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లో ఉండొచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి. ఆరో తరగతి నుంచి క్లారినెట్ వాయిస్తోంది, ఇప్పుడు స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం మీద నడుస్తూ వాయించే బ్యాండ్) ఉంది. మార్కులు బాగానే వస్తున్నాయి, మెకానికల్ ఇంజనీరింగ్ చేస్తానంటోంది. కానీ కాలేజీలు వెతకమంటే బ్యాండ్ వీడియోలు చూస్తూ కూర్చుంటోంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకే వెళ్తానని పట్టు పట్టింది. వాళ్ల నాన్నగారేమో ‘పెళ్లిళ్లలో బ్యాండ్ వాయించడానికా ఇన్ని డాలర్లు పోసేది’ అంటున్నారు. బ్యాండ్‌లో చేరితే చదువు దెబ్బతింటుందా? ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా?

జవాబు: ముందు ఒక పని చేయండి. మీ అమ్మాయి చూస్తున్న ఆ ఒహాయో స్టేట్ వీడియోలోనే క్లారినెట్ వాయించేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమనండి. ఒక్కరూ దొరకరు. ఆ బ్యాండ్ నుంచి క్లారినెట్లు, ఫ్లూట్లు, శాక్సఫోన్లు 1934లోనే తీసేశారు. అప్పటి నుంచి ట్రంపెట్, ట్రొంబోన్, సూసాఫోన్ లాంటి ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు మాత్రమే. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న వాయిద్యానికి అక్కడ చోటే లేదు. ఏడాదిలో ట్రంపెట్‌కి మారిపోతానంటుందేమో. అక్కడ నాలుగో సంవత్సరం పిల్లలు కూడా ప్రతి ఏటా మళ్లీ ఆడిషన్ ఇవ్వాల్సిందే. కొత్తగా ట్రంపెట్ పట్టినవాళ్లకు అవకాశం ఎంతో మీరే ఊహించుకోండి.

అయినా ఆ పిచ్చి ఎందుకు పట్టిందో నాకు అర్థమవుతుంది. ‘స్క్రిప్ట్ ఒహాయో’ అని వాళ్లకొక ఆచారం ఉంది. 1936లో మొదలైంది. బ్యాండ్‌ని నడిపించే డ్రమ్ మేజర్ ముందు నడుస్తుంటే, వాయిస్తూనే బ్యాండంతా ఒకరి వెనక ఒకరు వరుసగా కదిలి మైదానం మీద ‘ఒహాయో’ అని ఇంగ్లిష్ గొలుసుకట్టు రాత రాస్తారు. చివరికి అంతా రాశాక ‘ఐ’ మీద చుక్క ఖాళీగా మిగులుతుంది. అప్పుడు వరుసలోంచి ఒక్క సూసాఫోన్ వాయిద్యకారుడు బయటికొచ్చి, ఆ పెద్ద ఇత్తడి గొట్టాన్ని ఒంటికి చుట్టుకునే కాళ్లు ఎగరేస్తూ వెళ్లి, చుక్క దగ్గర నిలబడి, టోపీ తీసి అటూ ఇటూ వంగి దండం పెడతాడు. లక్షమంది జనం లేచి అరుస్తారు. ఆ చుక్క అయ్యే అవకాశం సూసాఫోన్‌లో నాలుగైదేళ్లు గడిపినవాళ్లకే. గౌరవంగా బయటివాళ్లను పిలిచిన సందర్భాలు చాలా తక్కువ. హాస్యనటుడు బాబ్ హోప్, వ్యోమగామి జాన్ గ్లెన్ లాంటి వాళ్లకే ఆ పిలుపు దక్కింది. పదహారేళ్ల పిల్ల అది చూసి మనసు పారేసుకోవడంలో వింతేముంది?

ఇక వాళ్ల నాన్నగారి సంగతి. పెళ్లి బ్యాండ్ వాళ్లను ముందు తక్కువ చేయొద్దని చెప్పండి. మండుటెండలో ఆ ఎర్ర కోటు వేసుకుని, నడుస్తూ క్లారినెట్ మీద శ్రుతి తప్పకుండా సినిమా పాట వాయించడం ఆయన అనుకున్నంత తేలిక కాదు. మీ అమ్మాయి చేస్తున్నది ఇంకొంచెం వేరు. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే అడుగుకి 22.5 అంగుళాలు, కింద చూడకుండా వేయాలి. షోలో తను ఏ లెక్కకి ఏ చోట నిలబడాలో కాగితం మీద ఉంటుంది. దాన్ని పిల్లలు ‘డాట్’ అంటారు. అలాంటి డాట్లు ఒక్కో షోకి పదుల్లో కంఠతా పట్టాలి, పాట కూడా కంఠతా రావాలి. ఈసారి రిహార్సల్‌కి ఆయన్నే కారులో దించి రమ్మనండి.

ఆయనకి నచ్చే ఇంకో పేరు కూడా ఉంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదువుతూ ఆయన అక్కడి మార్చింగ్ బ్యాండ్‌లో బారిటోన్ అనే ఇత్తడి వాయిద్యం వాయించాడు. పర్డ్యూలో సంగీత కళాశాలే లేదు, అందుకే ఆ బ్యాండ్ నిండా ఇంజనీరింగ్, సైన్స్ పిల్లలే ఉంటారు. 1886 నాటి బ్యాండ్ అది. 1921లో చేయించిన ఒక రాక్షస డ్రమ్ము ఉంది వాళ్లకి, దాన్ని బండి మీద పెట్టి ఒక జట్టు తోస్తుంది. ‘ప్రపంచంలోనే పెద్దది మాదే’ అని వాళ్లు చెప్పుకుంటే, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు తమ డ్రమ్ము ‘బిగ్ బెర్తా’ని చూపించి మాదే అనేవాళ్లు. ఆ బిగ్ బెర్తాని 1922లో షికాగో విశ్వవిద్యాలయం కోసం చేశారు. అక్కడ ఫుట్‌బాల్ ఎత్తేశాక మూలన పడితే, 1950ల్లో ఆస్టిన్‌కి తెచ్చుకున్నారు. వందేళ్లు మోగాక 2022లో దానికి విశ్రాంతి ఇచ్చారు. పర్డ్యూలో మీ అమ్మాయి క్లారినెట్‌కి చోటుంది, కోరుకున్న చదువూ ఉంది. కాకపోతే మీకు అది వేరే రాష్ట్రం, ఫీజు తేడా పెద్దది. ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మీ రాష్ట్రంలోనే రెండు మంచి దారులున్నాయి. ఒకటి యూటీ ఆస్టిన్, అంటే ఆ టెక్సస్ యూనివర్సిటీయే. అక్కడి లాంగ్‌హార్న్ బ్యాండ్‌కి ఏ కోర్సు వాళ్లయినా ఆడిషన్ ఇవ్వొచ్చు, క్లారినెట్లు ఉన్నాయి. క్లాసులో మొదటి 5 శాతంలో ఉంటే యూనివర్సిటీలో సీటు ఖాయమేగానీ ఇంజనీరింగ్‌లో ఖాయం కాదు. ఈ తేడా తెలియక మనవాళ్లు చాలామంది ఫలితాలొచ్చాక కంగు తింటారు. ఇక టెక్సస్ ఏ అండ్ ఎమ్. 1894 నుంచి నడుస్తున్న అక్కడి బ్యాండ్ పూర్తిగా మిలిటరీ తరహా. అందులో చేరాలంటే కోర్ ఆఫ్ కెడెట్స్ అనే సైనిక తరహా విద్యార్థి దళంలో సభ్యురాలు కావాలి. అంటే వాళ్ల హాస్టల్లోనే ఉండడం, తెల్లవారుజామున లేవడం, క్లాసులకి కూడా యూనిఫాం. తర్వాత సైన్యంలో చేరాలన్న నిర్బంధమేమీ లేదు. ఎన్‌సీసీ అంటే ఇష్టపడే పిల్లలకి అది బాగుంటుంది. పొద్దున్న మూడు అలారాలు కొడితేగానీ లేవని పిల్లయితే మాత్రం వద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. చదువు దెబ్బతింటుందా? బ్యాండ్ వల్ల కాదు, మొదటి సెమిస్టర్‌ని తప్పుగా ప్లాన్ చేసుకుంటే తింటుంది. హైస్కూల్లో స్కూలు వేళల తర్వాత వారానికి 8 గంటలకు మించి రిహార్సల్ పెట్టకూడదని టెక్సస్‌లో యూఐఎల్ (స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) నిబంధన ఉంది. అది హైస్కూలు వరకే. కాలేజీలో క్లాసులు మొదలవకముందే ఆగస్టులో బ్యాండ్ క్యాంప్, తర్వాత వారంలో చాలా సాయంత్రాలు రిహార్సల్, సొంత మైదానంలో ఆట ఉన్న శనివారం పొద్దున్నించి రాత్రిదాకా పోయినట్టే. నవంబర్ చివరిదాకా ఇదే వరస. సరిగ్గా అప్పుడే కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిసి మీద పడతాయి. పైగా పర్డ్యూలోనూ, ఏ అండ్ ఎమ్‌లోనూ మొదటి ఏడాది అందరూ ఒకే ఇంజనీరింగ్ గొడుగు కింద ఉంటారు. మెకానికల్ వస్తుందా రాదా అనేది మొదటి ఏడాది జీపీఏ మీద చాలా ఆధారపడుతుంది.

కాబట్టి ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల) క్రెడిట్లు ఉన్నాయి కదా అని డిగ్రీని ఒక సెమిస్టర్ ముందే ముగించే ఆత్రం వద్దు. ఆ క్రెడిట్లని భారం తగ్గించుకోవడానికి వాడమనండి. మొదటి సెమిస్టర్లో 17 క్రెడిట్లు కాకుండా 14 చాలు. బ్యాండ్‌కి క్రెడిట్ ఇచ్చే కాలేజీల్లో కూడా అది ఇంజనీరింగ్ డిగ్రీ లెక్కలోకి వస్తుందా అని విడిగా అడగాలి. ల్యాబ్ సెక్షన్లు రిహార్సల్ టైమ్‌కి అడ్డం రాకుండా చూసుకోవాలి. ఈ ఒక్క చోటే పిల్లలు ఎక్కువగా ఇరుక్కుంటారు. బ్యాండ్ స్కాలర్‌షిప్ వస్తే సంతోషించండి, దాని మీద ఫీజు లెక్క వేసుకోకండి.

ఉద్యోగం విషయం సూటిగా చెప్తాను. బ్యాండ్ ఉద్యోగం తెచ్చిపెట్టదు. రెజ్యూమెలో అడుగున ‘మార్చింగ్ బ్యాండ్ సభ్యురాలు’ అని ఒక ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. అదే సెక్షన్ లీడర్ (ఒక వాయిద్యం జట్టుకి నాయకురాలు) అయి, కొత్తగా వచ్చిన పదిమందికి డ్రిల్ నేర్పి, మైదానంలో తప్పు చేసినవాళ్లతో ఎలా మాట్లాడిందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఓ పది నిమిషాలు గడిచిపోతాయి. కెరీర్ ఫెయిర్లు చాలావరకు సెప్టెంబర్‌లోనే వస్తాయి, పర్డ్యూ వాళ్ల ఇండస్ట్రియల్ రౌండ్‌టేబుల్ కూడా అప్పుడే. బ్యాండ్ హడావిడిలో దాన్ని వదిలేయకూడదు.

ఒక విషయం మాత్రం తల్లిగా మీరే అడగాలి. హేజింగ్, అంటే మన ర్యాగింగే. బ్యాండ్లలోనూ ఉంది. ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ ‘మార్చింగ్ 100’ 1989లో పారిస్ వెళ్లి బాస్టీల్ డే కవాతులో నడిచిన గొప్ప బ్యాండ్. అలాంటి చోటే 2011లో ఒక ఆట ముగిశాక బస్సులో కొట్టిన దెబ్బలకి ఒక డ్రమ్ మేజర్ చనిపోయాడు. ఆ బ్యాండ్‌ని 2013 దాకా ఆపేశారు. క్యాంపస్ చూడడానికి వెళ్లినప్పుడు డైరెక్టర్‌ని కాదు, రెండో ఏడాది పిల్లల్ని పక్కకి పిలిచి అడగండి: కొత్తవాళ్లని మీరు ఎలా చేర్చుకుంటారు, బస్సులో పెద్దవాళ్లెవరైనా ఉంటారా అని. వాళ్లు జవాబు చెప్పే తీరులోనే మీకు తెలిసిపోతుంది.

ఈ శరదృతువులో ముగ్గురూ కలిసి ఏ అండ్ ఎమ్ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌కో, ఆస్టిన్‌కో ఒక ఆటకి వెళ్లండి. కారులో మూడు, మూడున్నర గంటలు. హాఫ్‌టైమ్‌లో నాచోస్ కోసం లేవొద్దని వాళ్ల నాన్నగారికి ముందే చెప్పండి.