టెక్ సందేహాలు: రాళ్లెక్కే ఆర్‌సీ బండికి ఛాసిస్ ఏది?

ప్రశ్న: 1/10 సైజు రాక్ క్రాలర్ (రాళ్లెక్కే రిమోట్ బండి) సొంతంగా కట్టుకుందామనుకుంటున్నాను. 313 మి.మీ. మెటల్ ఛాసిస్ కిట్లు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి? మోటారు, స్టీరింగ్ తిప్పే సర్వో ఎలాంటివి వేయాలి? మా చుట్టుపక్కలంతా గ్రానైట్ రాళ్లే. – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఛాసిస్‌తో మొదలుపెట్టకండి. ముందు బాడీ, ఇరుసులు, సర్వో ఖాయం చేసుకోండి. వాటిని బట్టే ఛాసిస్ తేలుతుంది.

ముందూ వెనకా చక్రాల మధ్య దూరం ఎంతుండాలో చెప్పేది బాడీయే. 313 మి.మీ. అనేది యాక్సియల్ కంపెనీ ఎస్‌సీఎక్స్10 టూ బండి కొలత. దీనికి విడిభాగాలు బాగా దొరుకుతాయి. ట్రాక్సాస్ టీఆర్ఎక్స్-4 డిఫెండర్‌ది 324. పదకొండు మిల్లీమీటర్లే కదా అని ఒకదాని బాడీ మరోదానికి వేస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టైరు ఫెండర్‌కు రాసుకుంటుంది.

ఇరుసుల్లో మీకు పోర్టల్ రకమే నయం. చక్రం దగ్గర చిన్న గేర్‌పెట్టె ఉండి ఇరుసు గొట్టాన్ని పైకెత్తుతుంది. ఇరుసు మధ్యలో గేర్లుండే డిఫ్ (డిఫరెన్షియల్) బుడిపె రాయికి అంత తేలిగ్గా తగలదు. పైగా వేగం చక్రం దగ్గరే తగ్గుతుంది కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ మీద మెలిక బలం తక్కువ, యాక్సిలరేటర్ ఇవ్వగానే బండి ఒక పక్కకు ఒరగడమూ తక్కువ. కాకపోతే బేరింగులు, గేర్లు ఎక్కువ, గ్రీజు పని ఎక్కువ.

ఇక ఛాసిస్. స్టీలు పట్టీలతో చేసిన నిచ్చెన ఫ్రేమ్ చాలు. ప్రతి ముక్కా అల్యూమినియంతో మెరిసే కిట్లు ఫొటోలో బాగుంటాయి. బండిలో మాత్రం బరువు పైకి చేరుతుంది. ఆ డబ్బు టైర్లకూ సర్వోకూ పెట్టండి. సర్వో ఛాసిస్ మీద ఉండే రకమైతే ముందు ఇరుసును ఛాసిస్‌కు కలిపే మూడు లింకులూ, ఇరుసు పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డూ ఉంటాయి. ఆ రాడ్డూ స్టీరింగ్ రాడ్డూ ఒకే పొడవుతో, సమాంతరంగా ఉండాలి. లేకపోతే సస్పెన్షన్ కుంగినప్పుడల్లా చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. కిట్ ఫొటోలో ముందుగా ఇదే చూడండి.

మోటారు 540 సైజు బ్రష్ రకం. 2ఎస్ (రెండు సెల్‌ల) బ్యాటరీకి లోపలి తీగ 35 చుట్లున్నది, 3ఎస్ (మూడు సెల్‌ల) బ్యాటరీకి 45 నుంచి 55. చుట్లు పెరిగేకొద్దీ వేగం తగ్గి, నెమ్మదిగా పాకేటప్పుడు పట్టు బాగుంటుంది. మోటారు మీది చిన్న గేరైన పినియన్‌కూ, అది తిప్పే పెద్ద గేరుకూ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, మోటారును ఆనించి బిగించి, కాగితం లాగేయండి. పళ్ల మధ్య ఉండాల్సిన సందు అంతే. పది నిమిషాలు నడిపాక మోటారు మీద వేలు ఆనించలేకపోతే పినియన్ ఒకటి రెండు పళ్లు తగ్గించండి. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ హాబీవింగ్ క్విక్‌రన్ 1080 లాంటి క్రాలర్ రకమే కావాలి. యాక్సిలరేటర్ వదలగానే వాలులో బండిని పట్టి ఆపే డ్రాగ్ బ్రేక్ దానికి ఉంటుంది. బ్యాటరీ సెట్టింగ్ లైపో (లిథియం పాలిమర్)లోనే ఉందా అని రెండుసార్లు చూసుకోండి. నికెల్ సెట్టింగ్‌లో ఉంటే ఛార్జి మరీ తగ్గకముందే ఆపే కటాఫ్ సరిగా పనిచేయక లైపో సెల్ పాడవుతుంది.

టైర్లు 1.9 అంగుళాల బీడ్‌లాక్ (టైరు అంచును రింగుతో బిగించే) చక్రాలకు, ఎత్తు 110–120 మి.మీ., రబ్బరు మెత్తనిది. గ్రానైట్ మీద పట్టు మెత్తదనం వల్లే వస్తుంది. బురద టైర్లకుండే లోతైన గాడులు అక్కర్లేదు.

బరువు ముందుకు 60, వెనక్కు 40 వంతున రావాలి. ముందు చక్రాలు వంటింటి కాటా మీద, వెనకవి అంతే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి తూచండి, తర్వాత మార్చి తూచండి. ముందు తేలిపోతే బ్యాటరీని ముందుకు జరపండి, ఇంకా చాలకపోతే ముందు ఇరుసుకు ఇత్తడి బిగించండి. 50×20×6 మి.మీ. ఇత్తడి బద్ద సుమారు 50 గ్రాములు తూగుతుంది. ఇత్తడి పనికి పేరున్న బుడితి మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, లేత్ షాపులో కోయించుకోవచ్చు, విదేశీ బరువులు తెప్పించక్కర్లేదు.

ప్రశ్న: చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి క్షణంసేపు చచ్చిపోయి మళ్లీ లేస్తోంది. రిమోట్ మార్చాలా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రిమోట్ తప్పు కాదండీ, చాలావరకు కరెంటు చాలకే ఇలా జరుగుతుంది. 25 కేజీల సర్వో ఇరుక్కుని బలంగా తోసేటప్పుడు మూడు నాలుగు ఆంపియర్లు కూడా లాగగలదు. ఈఎస్‌సీలో ఉండి రిసీవర్‌కూ సర్వోకూ కరెంటు ఇచ్చే బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. విడిగా ఒక బీఈసీ కొని, దాని ఇన్‌పుట్ వైర్లను బ్యాటరీ కనెక్టర్ దగ్గరే ఈఎస్‌సీ వైర్లతో కలిపి టంకం వేయండి. అవుట్‌పుట్‌ను రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చోట గుచ్చండి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర వైరు పిన్నును ప్లగ్గులోంచి లాగి టేపు చుట్టండి, రెండు సప్లైలు కలవకూడదు. వోల్టేజీ ఎంత పెట్టాలో సర్వో మీదా రిసీవర్ మీదా రాసి ఉంటుంది. రెండింటిలో తక్కువదానికి లోబడండి.

ఖర్చు పెట్టేముందు ఒకటి చూడండి. నేల మీద పూర్తిగా తిప్పి ఉంచినప్పుడు సర్వో గుయ్‌మంటోందా? అయితే స్టీరింగ్ హద్దు దాటి తోస్తోంది. రిమోట్‌లో ఎండ్ పాయింట్ (సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి.

ప్రశ్న: కళింగపట్నం ఇసుకలో నడపొచ్చా? – శ్రీకాకుళం

జవాబు: పొడి ఇసుకలో పర్లేదు, అలల్లో మాత్రం వద్దు. ఉప్పునీరు తగిలితే అదే రోజు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగులకు పల్చని నూనె చుక్క వేయండి. టైర్లలోని స్పాంజి నీళ్లు పీల్చి ఉంటే చక్రాలు విప్పి పిండి ఆరబెట్టాల్సిందే.